సెలవులకి ఊరెళ్ళాలంటే ఎంత ముందు ప్లాన్ చేసుకోవాలి? విజయవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లోనూ అపార్ట్‌మెంట్‌లోనూ ఎవరు ఊరెళ్ళాలన్నా టికెట్ల సంగతి కనుక్కోవడానికి నాకే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లలో పదే పదే వచ్చే ప్రశ్నలకి జవాబులివి. రైల్వే రూల్సు, దర్శనం కోటాలు మారుతూ ఉంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు అధికారిక వెబ్‌సైట్‌లో మరొక్కసారి చూసుకోండి.

అసలు ఎన్ని నెలల ముందు మొదలుపెట్టాలండి?

అందరికీ సరిపోయే లెక్క ఒకటంటూ లేదు. ఆ ప్రయాణంలో దొరకడం అన్నిటికన్నా కష్టమైనది ఏదో ముందు తేల్చుకోండి. ఒకరికి అది తిరుమల దర్శనం టికెట్, ఇంకొకరికి అమ్మకి లోయర్ బెర్తు, మరొకరికి ఆఫీసులో లీవు, వేరొకరికి వీసా. ఆ ఒక్కటి ఎప్పుడు చేతికొస్తుందో చూసి అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకోండి. దాన్ని వదిలేసి హోటళ్ళు, ఏ పూట ఏం చూడాలన్న లిస్టులు ముందేసుకుంటే ఆ శ్రమంతా వృథా.

అంచనాకి చెప్పమంటే ఇలా చెప్తాను. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేవాటికి ముందురోజు అనుకున్నా చాలు. అరకు లాంటి రెండు మూడు రోజుల ట్రిప్పుకి నెల, నెలన్నర కావాలి. వేసవిలో రైలెక్కి దూరం వెళ్ళాలంటే మూడు నెలలు, తిరుమలకి నాలుగు నెలలు. చార్‌ధామ్‌కైనా, విదేశాలకైనా ఆర్నెల్లు పెట్టుకోండి.

రైలు టికెట్లు 60 రోజుల ముందు మాత్రమే ఇస్తారు కదా, అంతకన్నా ముందు కూర్చుని ఏం చేస్తాం?

ఇంట్లో మాట తేల్చుకోవాలి. ఎక్కువ ప్రయాణాలు ఆగిపోయేది అక్కడే.

ఇదివరకు 120 రోజుల ముందు రిజర్వేషన్ దొరికేది. 2024 నవంబర్ 1 నుంచి దాన్ని 60 రోజులకి తగ్గించారు, ప్రయాణం రోజు ఆ లెక్కలోకి రాదు. అంటే మే 1న ఎక్కాలంటే మార్చి 2న ఉదయం 8 గంటలకి బుకింగ్ తెరుస్తారు. ఆ 8 గంటలకి మీ చేతిలో తేదీ, ట్రైను, ఎంతమంది అన్నది ఖరారుగా ఉండాలి. "మీ తమ్ముణ్ణి కూడా అడిగి చూద్దాం" అని సాయంత్రం దాకా ఆగితే మంచి ట్రైన్లలో మిగిలేది వెయిటింగ్ లిస్టే. గడువు 60 రోజులకి తగ్గింది కదా అని మన ఆలోచన కూడా అప్పుడే మొదలుపెట్టకూడదు. దానికి ఇంకో నెల ముందు నుంచే మాట్లాడుకోవాలి.

ఆ నెలలో తేల్చుకోవాల్సినవి చాలా ఉంటాయి. లీవు అడగాలి. ఆ వారంలో దగ్గరి చుట్టాల పెళ్ళో గృహప్రవేశమో ఉందేమో చూసుకోవాలి. పెద్దవాళ్ళు క్యాలెండర్ తీసి తిథి, వారం చూస్తారు. మంగళ, శుక్రవారాల్లో ఆడపిల్లని పంపని ఇళ్ళు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి. మీకు పట్టింపు లేకపోయినా అత్తగారికి ఉండొచ్చు. ఆ మాట టికెట్లు కొన్నాక బయటికొస్తే టికెట్టూ పోతుంది, ఇంట్లో మనశ్శాంతీ పోతుంది. కాబట్టి ముందే అడగండి.

తిరుగు ప్రయాణం సంగతి చాలామంది మర్చిపోతారు. మే 1న వెళ్ళి 9న వెనక్కి బయల్దేరాలంటే ఆ టికెట్ మార్చి 10న గాని తెరుచుకోదు. వెళ్ళడానికి దొరికిందన్న ఆనందంలో రెండో తేదీని వదిలేయకండి. ఫోన్లో రెండిటికీ రెండు అలారాలు పెట్టుకోండి.

రోజూ నడవని ట్రైనైతే లీవు అడిగే ముందే ఏయే రోజుల్లో ఉందో చూసుకోవాలి. మన విజయవాడ, గుంటూరు మీదుగా గోవా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ వారంలో కొన్ని రోజులే ఉంటుంది. కాకినాడ నుంచి వచ్చే షిరిడీ ట్రైనూ అంతే.

బుకింగ్ తెరిచే రోజు పొద్దున ఏం సిద్ధంగా ఉంచుకోవాలి?

ముందురోజు రాత్రే ఐఆర్‌సీటీసీ అకౌంట్ తెరిచి ఆధార్‌తో వెరిఫై అయ్యిందో లేదో చూడండి. బుకింగ్ తెరిచినప్పుడు ఆధార్ వెరిఫై అయిన అకౌంట్లకే మొదటి అవకాశం ఇస్తున్నారు. ప్రయాణించే వాళ్ళందరి పేర్లు, వయసులు మాస్టర్ లిస్టులో ఎక్కించి పెట్టండి. పొద్దున 8 గంటలకి "నాన్నగారి వయసెంత, 67 ఆ 68 ఆ" అని హాల్లోకి కేకేస్తూ కూర్చుంటే ఈలోగా బెర్తులు అయిపోతాయి. 7:50కల్లా లాగిన్ అవ్వండి. ఓటీపీ వచ్చే ఫోన్ ఎవరి దగ్గరుంటే వాళ్ళు పక్కనే కూర్చోవాలి. యూపీఐలో రోజువారీ లిమిట్ సరిపోతుందో లేదో కూడా ముందే చూసుకోండి.

పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాలకి ముఖ్యంగా ఇంకొకటి చెప్పాలి. 60 దాటిన మగవాళ్ళకి, 45 దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్తుల కోటా విడిగా ఉంది. టికెట్‌లో అలాంటివాళ్ళు ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. ఆరుగురినీ ఒకే టికెట్‌లో వేస్తే ఆ కోటా పోతుంది. అమ్మానాన్నలకి విడిగా ఒక టికెట్, మిగతావాళ్ళకి ఇంకొకటి తీయండి. పక్కపక్క సీట్లు రాకపోవచ్చు. కానీ మోకాళ్ళ నొప్పులున్న మనిషి రాత్రిపూట పై బెర్తు ఎక్కి దిగే బాధ ఎంతో చూసినవాళ్ళెవరూ దీనికి కాదనరు.

వెయిటింగ్ లిస్ట్ 20 ఉంది. కన్ఫర్మ్ అవుతుందా?

నంబర్ ఒక్కటే చూసి చెప్పలేం. పక్కనున్న అక్షరాలు కూడా చూడాలి. జీఎన్‌డబ్ల్యూఎల్ (ట్రైను మొదలయ్యే స్టేషన్ వైపు ఎక్కేవాళ్ళకిచ్చే జనరల్ వెయిటింగ్ లిస్ట్) అని ఉంటే ఎక్కువగా కదిలేది అదే. శాతవాహన, పినాకిని లాంటివి విజయవాడలోనే బయల్దేరతాయి కాబట్టి వాటిలో మనకి అది వస్తుంది. మధ్య స్టేషన్లలో ఎక్కేవాళ్ళకి వచ్చే ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్ నెమ్మదిగా కదులుతాయి, చాలాసార్లు అసలు కదలవు. చార్ట్ తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉన్న ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దై డబ్బు వెనక్కొస్తుంది. ఆ టికెట్‌తో స్లీపర్‌లోనో ఏసీలోనో ఎక్కే వీల్లేదు.

పండగ రోజుల్లో పిల్లలూ పెద్దలూ ఉన్న కుటుంబం వెయిటింగ్ లిస్ట్‌ని నమ్ముకుని హోటల్‌కి పూర్తి డబ్బు కట్టకూడదు.

తత్కాల్ ఉంది కదా, ఎందుకింత టెన్షన్?

ఒక్క మనిషి అర్జంటుగా హైదరాబాద్ వెళ్ళాలంటే తత్కాల్ పనికొస్తుంది. నలుగురు వెళ్ళే సెలవుల ప్రయాణానికి తత్కాల్ మీద ఆధారపడితే దాహం వేసినప్పుడు బావి తవ్వినట్టే. ఏసీ క్లాసులకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి తెరుస్తారు. ఆన్‌లైన్‌లో ఆధార్ తప్పనిసరి. ఒక టికెట్‌లో నలుగురికే వీలవుతుంది. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే పైసా రాదు.

తత్కాల్ తేదీని ట్రైను మొదలయ్యే స్టేషన్ నుంచి లెక్కేస్తారని గుర్తుంచుకోండి. ట్రైను ఎక్కడో ముందురోజు బయల్దేరి మర్నాడు విజయవాడ వస్తుంటే, మనం ఎక్కే రోజుకి రెండు రోజుల ముందే తత్కాల్ తెరుచుకుంటుంది. మన స్టేషన్‌లో ఎక్కే తేదీకి ముందురోజు చూస్తే అప్పటికే అయిపోయి ఉంటుంది.

తిరుమలకి ఏది ముందు, రైలా దర్శనమా?

దర్శనమే. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ సాధారణంగా మూడు నెలల ముందు, నెల మూడో, నాలుగో వారంలో ఆన్‌లైన్‌లో వదులుతుంది. మే నెల దర్శనాలు ఫిబ్రవరిలో వస్తాయన్నమాట. కొండమీద గదుల కోటా కూడా ఆ రోజుల్లోనే తెరుస్తారు. ఆర్జిత సేవలు కావాలంటే లక్కీ డిప్ రిజిస్ట్రేషన్ అంతకన్నా నాలుగైదు రోజుల ముందే అయిపోతుంది. దర్శనం తేదీ, టైము చేతికొచ్చాక, అది నెల మొదట్లోదైతే వారానికి, నెలాఖరుదైతే నెల రోజులకి రైలు బుకింగ్ మొదలవుతుంది. గుంటూరు వాళ్ళకి నారాయణాద్రి, విజయవాడ వాళ్ళకి తిరుమల, శేషాద్రి లాంటివి ఉండనే ఉన్నాయి. ముందే రైలు టికెట్లు తీసుకుని తర్వాత దర్శనం కోసం వెతికేవాళ్ళు చివరికి సర్వదర్శనం క్యూలో చంటిపిల్లలతో నిలబడాల్సి వస్తుంది.

దర్శనం టికెట్‌ని ఇంకో తేదీకి మార్చుకోవడం, ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. అందుకని ఇంట్లో నెలలు నిండుతున్న వాళ్ళుంటే, మంచంలో ఉన్న పెద్దవాళ్ళుంటే బాగా ఆలోచించి తీసుకోండి. పురుడు గానీ మైల గానీ వస్తే కొండ ఎక్కరు కదా. 12 ఏళ్ళలోపు పిల్లలకి ఆ టికెట్ అక్కర్లేదు, వయసు రుజువు దగ్గరుంచుకుంటే చాలు.

దర్శనం టికెట్లు దొరకనివాళ్ళు తిరుపతిలో విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్‌లలో ఇచ్చే టైమ్ స్లాట్ టోకెన్ల కోసం ప్రయత్నించవచ్చు. దానికి చేతిలో ఒక రోజు అదనంగా ఉండాలి.

వేసవిలో వెళ్దామంటే పిల్లల పరీక్షలు, కోచింగులు. తేదీ ఎలా తేల్చాలి?

మన రెండు ఊళ్ళలో ఈ ప్రశ్న లేని ఇల్లు తక్కువ. స్కూల్ పిల్లలే అయితే ఇబ్బంది లేదు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12 ప్రాంతం వరకు సెలవులే.

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలుంటే మాత్రం మే నెల మీద ఆశ పెట్టుకోవద్దు. నీట్ ఈమధ్య మే మొదటి ఆదివారమే పెడుతున్నారు, ఈఏపీసెట్ మే నెలలో, జేఈఈ అడ్వాన్స్‌డ్ కూడా మే నెలలోనే. మీ పిల్లలు రాసే చివరి పరీక్ష ఏదో రాసుకుని దానికి నాలుగు రోజుల తర్వాత నుంచి చూడండి. రెండేళ్ళు పొద్దున్నుంచి రాత్రిదాకా చదివిన పిల్లకి పరీక్ష అయిన మర్నాడే సూట్‌కేసు సర్దమనడం న్యాయం కాదు. ముందు కడుపునిండా నిద్రపోనివ్వండి. జూన్ మొదటి రెండు వారాల్లో ప్రయాణం పెట్టుకుంటే ఈఏపీసెట్ కౌన్సెలింగ్ హడావిడికి ముందే తిరిగొచ్చేయొచ్చు. ర్యాంకు కార్డులు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు ఫోన్లో ఉంచుకోండి.

పదో తరగతి పిల్లలైతే మార్చి చివర్లో పరీక్షలవగానే చాలా కాలేజీలు ఇంటర్ క్లాసులు మొదలుపెట్టేస్తాయి. చేర్పించేటప్పుడే "ఫలానా వారం మేం ఊళ్ళో ఉండం" అని చెప్పి ఒప్పించుకోండి. ఆ వారం పాఠాలు తర్వాత చదువుకోవచ్చు. పదో తరగతి అయ్యాక వచ్చే ఆ వేసవి మాత్రం మళ్ళీ రాదు. దాన్ని పిల్లల దగ్గర్నుంచి లాగేసుకోవద్దని తల్లిదండ్రుల్ని బతిమాలి మరీ చెప్తాను.

మాది గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం. రెండు నెలల ముందు తేదీ చెప్పమంటే ఎలా?

మీకు నిజానికి సులువే. సీజన్ జోరు తగ్గాక మే నెలలో యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు, జూన్ మొదటి వారాల్లో మళ్ళీ తెరుస్తారు. ఖచ్చితమైన తేదీలు దగ్గర పడ్డాక గాని తెలియవు. కాబట్టి సెలవులకి సరిగ్గా మధ్యలో వచ్చే వారానికి టికెట్లు తీసుకోండి. అటో నాలుగు రోజులు ఇటో నాలుగు రోజులు మారినా ప్రయాణం చెడదు.

బట్టల కొట్లవాళ్ళది వేరే లెక్క. ఆషాఢంలో డిస్కౌంట్లు, శ్రావణంలో పెళ్ళిళ్ళు, ఆ వెంటనే దసరా. బీసెంట్ రోడ్డులో కొట్టున్నవాళ్ళకి సంక్రాంతి అమ్మకాలైపోయిన తర్వాత జనవరి చివర, ఫిబ్రవరి బాగుంటాయి. ఆ రోజుల్లో రైళ్ళలో రద్దీ కూడా తక్కువ. సార్వా, దాళ్వా రెండూ వేసే రైతు కుటుంబాలు నాట్లకీ కోతలకీ మధ్య దొరికే రోజులు చూసుకోవాలి. కోతలు వాన మీద ఆధారపడి ముందుకీ వెనక్కీ జరుగుతాయి. అలాంటివాళ్ళు నెలల ముందే ఖర్చుపెట్టి తేదీకి కట్టుబడకుండా, దూరం తగ్గించుకుని వారం ముందు తేల్చుకోవడం మేలు.

సంక్రాంతికి టికెట్లు ఎప్పుడు తీసుకోవాలి?

జనవరి 14 ప్రయాణానికి నవంబర్ 15న తెరుస్తారు. కానీ మీరు ఏ దిక్కుకి వెళ్తున్నారో ముందు చూసుకోండి. పండక్కి హైదరాబాద్ నుంచి జనం ఇటు వస్తారు. అయ్యాక అటు వెళ్తారు. మీరు ఇక్కడే ఉంటూ పండగ ముందు హైదరాబాద్ వెళ్ళాలంటే పెద్దగా పోటీ ఉండదు, పండగైపోయాక అక్కణ్ణుంచి ఇటు రావడానికీ అంతే. అటునుంచి పిల్లలు రావాలంటేనే నవంబర్‌లో పొద్దున 8 గంటలకి కూర్చోవాలి. సంక్రాంతికి కోడిపందేలు చూడ్డానికి భీమవరం వెళ్ళేవాళ్ళు హోటల్ గదుల కోసం కొన్ని నెలల ముందే ఫోన్లు చేసుకోవాలి.

దసరాకి ఇంకో సంగతి. మీరు ఊరు వదిలి వెళ్తున్నా రాష్ట్రం నలుమూలల నుంచి జనం ఇంద్రకీలాద్రికి వస్తుంటారు. మూలానక్షత్రం రోజున వన్‌టౌన్ వైపు ట్రాఫిక్ మళ్ళించేస్తారు. ఆ రోజు స్టేషన్‌కి మామూలుగా పట్టే టైముకి గంట, గంటన్నర కలుపుకుని బయల్దేరండి.

2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు ఉన్నాయి. ఆ రోజుల్లో మన వైపు వచ్చే చుట్టాలకి గదులు, టికెట్లు ఏర్పాటు చేయాల్సిన బాధ్యత మీదైతే తేదీలు ఇప్పుడే రాసిపెట్టుకోండి.

అమ్మానాన్నల్ని కాశీ తీసుకెళ్ళాలి. ప్రతి ఏడూ అనుకుంటున్నాం, వాయిదా పడుతోంది.

ఈ ప్రశ్న అడిగినవాళ్ళతో నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. పిల్లల ట్రిప్పు వచ్చే ఏడాదికి జరిగినా పెద్ద నష్టం ఉండదు. 70 దాటిన వాళ్ళకి ఏడాది తేడా చాలా పెద్దది. ఈ ఏడాది మెట్లు ఎక్కగలిగిన మనిషి వచ్చే ఏడు ఎక్కలేకపోవచ్చు. ఇంట్లో మూడు ప్రయాణాలు అనుకుంటే మొదట తేదీ వేయాల్సింది దీనికే.

కాలం సంగతి చూస్తే ఆగస్టు, సెప్టెంబర్‌లలో గంగ పొంగి ఘాట్లు మునుగుతాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండ భరించలేం. డిసెంబర్, జనవరిలలో మంచుకి ఉత్తరాది రైళ్ళు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. కార్తీకం పవిత్రమే గానీ జనం కిక్కిరిసి ఉంటారు. శివరాత్రి రద్దీ తగ్గాక మార్చి సగం దాకా ఉండే రోజులు పెద్దవాళ్ళకి అన్నివిధాలా హాయి.

తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చేయాలని మన పెద్దలకి ఉంటుంది. వాళ్ళకి నిజంగా ఆ కోరిక ఉందా, మూడు రోజులు చాలా అని ముందు అడగండి. లీవు లెక్క అక్కడే తేలిపోతుంది. మానససరోవర ఘాట్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం లాంటి తెలుగువాళ్ళ వసతులకి రెండు మూడు నెలల ముందే ఫోన్ చేయాలి. మన భోజనం, మన మాట దొరికితే పెద్దవాళ్ళకి సగం బెంగ తీరుతుంది. బెంగళూరు నుంచి వచ్చే సంఘమిత్ర విజయవాడ మీదుగానే వెళ్తుంది. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగితే కాశీ పక్కనే.

ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచి రోజూ సాయంత్రం వాళ్ళని నడిపించండి. షుగర్, బీపీ మందులు ప్రయాణానికి సరిపడా, మరో వారానికి అదనంగా కొని రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి.

చార్‌ధామ్?

బదరీనాథ్ తలుపులు తెరిచే తేదీని వసంత పంచమి రోజున, కేదారనాథ్ తేదీని శివరాత్రి రోజున ప్రకటిస్తారు. గంగోత్రి, యమునోత్రి అక్షయ తృతీయకి తెరుచుకుంటాయి. దీపావళి తర్వాత మూసేస్తారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మే, జూన్‌లలో రద్దీ ఎక్కువ, జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడుతుంటాయి. సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ వరకు వెళ్ళమంటాను. కేదారనాథ్ 3,500 మీటర్లకి పైన ఉంది. వెళ్ళాలని నిర్ణయించుకోగానే, డబ్బు కట్టకముందే డాక్టర్‌కి చూపించుకోండి.

వేసవిలో ఊటీ, కొడైకెనాల్ కారులో వెళ్దామనుకుంటున్నాం.

2024 మే నుంచి మద్రాస్ హైకోర్టు ఆదేశాలతో రెండు చోట్లకీ ఈ-పాస్ ఉండాలి. ఆ తర్వాతి వేసవిలో రోజుకి ఇన్నే బండ్లని పరిమితి కూడా పెట్టారు. ఊటీకి మామూలు రోజుల్లో 6,000, శని, ఆదివారాల్లో 8,000. కొడైకెనాల్‌కి 4,000, 6,000. విజయవాడ నుంచి అంత దూరం కారు నడుపుకుంటూ వెళ్ళి చెక్‌పోస్ట్ దగ్గర ఆగిపోకూడదు. హోటల్‌కి ముందు పాస్ చూసుకోండి, వీలైతే మంగళవారమో బుధవారమో కొండెక్కేలా పెట్టుకోండి. మేట్టుపాళయం నుంచి వెళ్ళే ఊటీ చిన్న రైలు ఎక్కాలంటే కోయంబత్తూరు దాకా కేరళ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళొచ్చు. రెండిటికీ ఒకే వారంలో టికెట్లు తీయాల్సి ఉంటుంది.

మున్నార్ నీలకురింజి పూలు ఎప్పుడు?

12 ఏళ్ళకోసారి పూస్తాయి. 2018లో పూశాయి, మళ్ళీ 2030లో.

అరకు, పాపికొండలు ఎంత ముందు?

అరకు, లంబసింగికి డిసెంబర్, జనవరి శనాదివారాలైతే గదులు నెలన్నర ముందు పట్టుకోవాలి. మామూలు రోజుల్లో రెండు వారాలు చాలు. పాపికొండలకి మాత్రం మరీ ముందు డబ్బు కట్టకండి. గోదావరికి వరద వస్తే బోట్లు ఆపేస్తారు, ఆపాల్సిందే. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి మర్చిపోకూడదు. నవంబర్ దాటాక, నది నెమ్మదించాక వెళ్ళండి.

విమానం టికెట్లు ఎంత ముందు కొంటే చవక?

ఫలానా వారం కొంటే చవక అన్న మాటలు నేను నమ్మను. పండగలకీ వేసవికీ రెండు మూడు నెలల ముందు, మామూలు రోజులకి నెల ముందు చూస్తే మోస్తరు ధర దొరుకుతుంది. గన్నవరం నుంచి ధర ఎక్కువగా కనిపిస్తే శంషాబాద్ ధరతో పోల్చండి. అయితే అక్కడిదాకా వెళ్ళే ఖర్చు, అర్ధరాత్రి ప్రయాణం, పిల్లల నిద్ర అన్నీ కలిపి లెక్కేయండి. నలుగురికి తేడా రెండు మూడు వేలే అయితే గన్నవరమే మేలు.

విదేశాలకి?

అందరి పాస్‌పోర్టులూ తీసి గడువు చూడండి. ప్రయాణం నాటికి ఆరు నెలలు మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్ళకే అయిపోతాయి, ఇబ్బంది ఎక్కువగా వాటితోనే. షెంజెన్ వీసాకి ఆర్నెల్ల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి, కానీ అంత చివరిదాకా ఆగడం మంచిది కాదు. వేలిముద్రల కోసం హైదరాబాద్ వెళ్ళిరావాల్సి ఉంటుంది కాబట్టి ఆ ఒక రోజు లీవు కూడా లెక్కలో పెట్టుకోండి.

ముందే ప్లాన్ చేస్తే ఏదో ఒక అడ్డం వస్తుందంటారు మా ఇంట్లో.

అడ్డం ఎప్పుడైనా రావచ్చు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది, ట్రాక్ కొట్టుకుపోయి హైదరాబాద్ వైపు రైళ్ళు ఆగిపోయాయి. 2025 అక్టోబర్ చివర్లో మొంథా. వారం ముందు అనుకున్నవాళ్ళూ ఆగారు, నెలల ముందు అనుకున్నవాళ్ళూ ఆగారు.

చేయాల్సిందల్లా ఏ టికెట్ రద్దైతే ఎంత పోతుందో ముందే తెలుసుకోవడం. రైల్వే తనంతట తాను ట్రైను రద్దు చేస్తే పూర్తి డబ్బు ఇస్తుంది. మీరు ఎక్కే స్టేషన్‌కి మూడు గంటలకన్నా ఆలస్యంగా వస్తుంటే ప్రయాణం మానుకుని టీడీఆర్ (డబ్బు వెనక్కివ్వమని రైల్వేకి పెట్టే అర్జీ) వేసి డబ్బు అడగొచ్చు. మీరు రద్దు చేసుకుంటే ఎంత ముందు చేస్తే అంత తక్కువ కోత. హోటల్ మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి, వంద, రెండొందలు ఎక్కువైనా సరే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కోస్తా వైపు ప్రయాణాలకి ఇది తప్పనిసరి అంటాను.

నాలుగు కుటుంబాలం కలిసి వెళ్దామని వాట్సాప్ గ్రూప్ పెట్టాం. నెలైంది, ఏదీ తేలలేదు.

గ్రూపులో చర్చ పెడితే తేలదు. ఇద్దరు కూర్చుని రెండు తేదీలు, రెండు ఊళ్ళు తేల్చి గ్రూపులో పెట్టండి. ఫలానా ఆదివారానికల్లా తలా ఇంత అడ్వాన్స్ పంపమనండి. డబ్బు పంపినవాళ్ళే వస్తున్నట్టు. మొహమాటపడి ఈ మాట చెప్పకపోతే 60 రోజుల గడువు దాటిపోతుంది. ఒక టికెట్‌లో ఆరుగురికే వీలు కాబట్టి ఏ కుటుంబానిది ఆ కుటుంబం ఒకే టైముకి బుక్ చేసుకుంటే ఒకే కోచ్‌లో రావచ్చు.

ఏ రోజు ఏం చూడాలో కూడా ముందే రాసుకోవాలా?

అక్కర్లేదు. వెళ్ళడం, రావడం, మొదటి రాత్రి ఉండే చోటు, టికెట్ ఉంటేగాని లోపలికి పంపనివి. ఈ నాలుగూ ఖాయం చేసుకుని మిగతాది వదిలేయండి. ముఖ్యంగా దిగిన రోజు ఏమీ పెట్టుకోవద్దు. ఇల్లంతా సర్ది, అందరికీ పులిహోర కట్టి, రాత్రంతా రైల్లో సరిగా నిద్రపోని ఇల్లాలికి ఆ పూట విశ్రాంతి దక్కాలి. ఆమె సెలవులకే కదా వచ్చింది.

అస్సలు ప్లాన్ లేకుండా వెళ్ళేవి ఏమీ లేవా?

చాలా ఉన్నాయి. ఉండవల్లి గుహలు, మంగళగిరి, అమరావతి, కోటప్పకొండ, ఉప్పలపాడు పక్షుల కేంద్రం, బాపట్ల సూర్యలంక బీచ్. ఇవన్నీ పొద్దున లేచి అనుకుని వెళ్ళేవే. కొన్నిటికి ముందు ప్లాన్ చేయడమే కుదరదు. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని వార్త వచ్చిందంటే మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి. శని, ఆదివారం దాకా ఆగితే దించేయొచ్చు, ఆగకపోతే రద్దీ కూడా తప్పుతుంది. ఎత్తిపోతల ఆ దారిలోనే.

శ్రీశైలం కూడా ఉన్నట్టుండి వెళ్ళొచ్చు గానీ గుంటూరు నుంచి దోర్నాల మీదుగా వెళ్ళే అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. సాయంత్రానికే చెక్‌పోస్ట్ దాటేలా మధ్యాహ్నం భోజనానికి ముందే బయల్దేరండి.